కిటికీ కింది అక్షరాలు

పోర్ట్ క్లాంగ్‌లో గిడ్డంగి పని చేసే మా మనవడికి బొమ్మ రైలింజన్లంటే పిచ్చి. మొన్న ఆదివారం అమెరికా ప్యాసింజర్ ఇంజను నమూనా ఒకటి నా ముందు పెట్టి, "ఒకలి రంగేసి ఇంకోలి పేరు రాసీసినారు, సలా లా తాతా!" అని, తప్పు బొమ్మ అంటగట్టారంటూ మలయూ భాష మాటలు కలిపి గోల పెట్టాడు. తప్పేమీ కాదు. పోయిన శతాబ్దం నడిమి రోజుల్లో ఆ దేశంలో రెండు మూడు కంపెనీలు కలిసి, ఒకరి పట్టాల మీంచి ఇంకొకరి పట్టాల మీదికి ఒకే ప్రయాణికుల బండిని నడిపేవారట. ఇంజను ఎవరిదైనా బండంతా ఒకే తీరుగా కనబడాలని ఒక కంపెనీ తన ఇంజన్లకు పొత్తుదారు రంగు వేయించి, పేరు మాత్రం తనది ఉంచుకునేదట. వాడికి ఇదంతా చెబుతుంటే ఎన్నాళ్లకో నా ముక్కుకు రంగుల పని నాటి టర్పెంటైన్ వాసన తగిలింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు మన మలేసియా రైళ్లకు ఇంజన్లు చాలక భారతదేశం నుంచి అద్దెకు తెప్పించారు. నేను రైల్వే వర్క్‌షాపులో రంగుల పనికి కొత్తగా చేరిన రోజులవి. ఓడ దిగి వచ్చిన ఆ ఇంజన్లకు మన బళ్ల రంగు వేయాలి. సుంగై సుమున్ తోటలో పుట్టి పెరిగిన నేను, మా తాతలు వదిలి వచ్చిన దేశపు ఇనుమును చేత్తో తాకడం అదే మొదలు, అందుకేనేమో ఉత్సాహం కాస్త ఎక్కువైంది. డ్రైవరు కిటికీ కింద తెల్లటి చిన్న అక్షరాలు కనిపిస్తే, నున్నగా ఉంటే బాగుంటుందని వాటి మీద కూడా నిండుగా రంగు కొట్టేశాను. అవి తెలుగక్షరాలని నాకు తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడడమే గానీ తోట బడిలో మేం చదివింది తమిళం.

మా మేస్త్రి మా అమ్మకు వరసకు అన్న, నాకు మావ. ఆయన పూచీ మీదే నన్ను పనిలో పెట్టుకున్నారు. అద్దె ఇంజనుకు రంగు మనదైనా పేరు సొంతదారుదే, దాన్ని ముట్టకూడదన్నది షెడ్డులో అందరికీ తెలిసిన కట్టడి, నాకు తప్ప. మర్నాడు పొద్దున్నే సొంతదారుల తరఫు మనిషి తనిఖీకి వస్తాడు, నా ఉద్యోగమా ఇంకా ఖాయం కాలేదు. మావ చూసి, "ఏట్రా, పెళ్లికి అరువు తెచ్చిన గుండిగ మీద పేరు గీకేస్తామేటి?" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తోట కూలీల కోసం వరసగా కట్టిన మా లైను ఇళ్లలో పెళ్లి వస్తే ఇంటింటి గుండిగలూ తెచ్చుకుని, పేరు చూసి ఎవరివి వాళ్లకు, అడుగున గుప్పెడు బియ్యమో బెల్లమ్ముక్కో వేసి మరీ తిరిగిచ్చేవాళ్లం. పేరు చెరిగిన గుండిగ ఒకటి పెట్టిన పేచీకి మా అమ్మా, పక్కింటావిడా ఏడాది పాటు పలకరించుకోలేదు.

మావ పైవాళ్లకు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ సాయంత్రమే నేను పెట్టె సర్దుకుని తోటకు పోవలసినవాణ్ణి. చెప్పలేదు. గరుకు కాగితం నీళ్లలో తడిపి, నా పక్కన కూర్చుని, మధ్యాహ్నం అన్నం కూడా మానేసి పొర తరవాత పొర అరగదీశాడు. వాళ్ల నాన్న నేర్పిన చదువు ఆయనకుంది. బయటపడిన అక్షరాలు కూడబలుక్కుని, గుంతకల్లు అని చదివాడు, ఆ ఇంజను సొంత షెడ్డు ఉన్న ఊరట. "మనూరు కాదులే, అయినా మన రాతే. నువ్వే రాయి," అని సన్న కుంచె నా చేతికిచ్చాడు. మసక మసకగా తేలిన ఆ గీతల మీదే దిద్దాను. నేను రాసిన తొలి తెలుగక్షరాలు అవే. తనిఖీకి వచ్చినాయన ఆ పేరు చూసి తలూపి వెళ్లిపోయాడు, నా అన్నం ముద్ద నిలిచింది. ఆ తరవాత టీ వేళల్లో పాత డబ్బా మూతల మీద మావ మిగతా అక్షరాలన్నీ నేర్పాడు. ఈ నాలుగు ముక్కలు మీకు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే.

ఆ ఇంజన్లూ లేవు, మావా లేడు. ఇప్పటి రైళ్లు ఒళ్లంతా ప్రకటనలు అతికించుకుని తిరుగుతున్నాయి, కుంచెతో పని తీరిపోయింది. మా మనవడికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం కొంచెమే, చదవడం అసలు రాదు; అది వాడి తప్పు కాదు, నేర్పే ఓపిక నేను చూపలేదు. కథంతా విని వాడు బొమ్మ ఇంజను కిటికీ కింద చోటు చూపించి, ఆ పేరు ఇక్కడ రాయమన్నాడు. నేను రాయలేదు. కాగితం మీద రాసి చూపించి, సన్న కుంచె వాడికే ఇచ్చి పక్కన కూర్చున్నాను. వాడి మొదటి గీత వంకరపోయింది. ఆ రోజు నాదీ వంకరపోయింది, మావ చూడనట్టు గరుకు కాగితం కడుక్కున్నాడు. నేనూ చూడనట్టు రంగు డబ్బా మూత తుడిచాను.