కూర్మమ్మ వాయించిన మినుయెట్

ఆ మధ్యాహ్నం కూర్మమ్మ చేతులు అలవాటుకొద్దీ వేగం అందుకున్నాయా, లేక ఆమే కావాలని అందరినీ పిలిచిందా? వసంతి ఇప్పటికీ తనను తాను అడుగుతూనే ఉంది.

మలేషియాలోని తెలుక్ ఇంటాన్ ఊళ్ళో ఒక మందుల షాపు మేడమీద వసంతి పియానో నేర్పుతుంది. వచ్చేవాళ్ళంతా పరీక్షలకి తయారయ్యే పిల్లలే. వాళ్ళ మధ్యకి ఒకరోజు కూర్మమ్మ వచ్చి కూర్చుంది. గ్లవ్స్ ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. రామమందిరం శనివారం భజనలో, పెళ్ళికాక ముందు నుంచీ హార్మోనియం ఆమెదే.

"ఏటత్తా, ఈ వయసులో పరీక్ష రాస్తావా?" అంది వసంతి.

"పరీక్ష నాకేటికి లా!" అంది కూర్మమ్మ, మాట చివర అక్కడివాళ్ళ 'లా' తగిలించి. " నా వాయింపు ఒక్కసారి ఒంటిగా వినిపించాల, అంతే. భజనలో గోపాలకృష్ణ బావ గొంతెత్తితే నా పెట్టె ఉన్నట్టా, లేనట్టా? ఆయన దగ్గినప్పుడే నేను వినబడతాను."

వసంతి ఆమెకి హైడన్ రాసిన మినుయెట్ ఒకటి ఇచ్చింది. పాతకాలపు యూరప్ కొలువుల్లో ప్రభువులు మూడు దెబ్బల లెక్కలో నెమ్మదిగా అడుగులేసే నాట్యం అది. హైడన్ కూడా ఒక ప్రభువు దగ్గర యూనిఫాం తొడుక్కుని, ఇవాళ ఏం వాయించమంటారని రోజూ వెళ్ళి అడగాల్సిన మనిషేనని చెప్పింది.

"అయితే పెరట్టే," అంది కూర్మమ్మ. తోటలో కూలీలుగా తెల్లారకుండానే దొర ముందు పెరట్టుకి వరసకట్టి పని చెప్పించుకున్నవాళ్ళ మనవరాలు ఆమె. "పాపం, మనోడే."

చిక్కంతా ఒక్కచోటే వచ్చింది. మినుయెట్‌లో వాయించిన భాగమే మళ్ళీ అదే నడకలో వస్తుంది. భజనలో చరణం తిరిగొచ్చిందంటే వేగం పెంచాలి. రెండోసారి జోరు, మూడోసారి చప్పట్లు, కేకలు. ఆమె వేళ్ళకి తెలిసిన 'మళ్ళీ' అదొక్కటే.

"అత్తా, పరిగెడుతున్నావు."

"తిరిగొచ్చినాక కూడా అలాగే నడిస్తే, వచ్చి ఏటి లాభం?"

వసంతికి నవ్వొచ్చింది. "పాట అలాగే ఉంటుందత్తా. ఒకసారి విన్నాం కదా, మనమే మారి ఉంటాం."

కూర్మమ్మ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. నెలలు పట్టింది గానీ నిలకడ కుదిరింది.

వసంతి తన శిష్యులచేత ఆ మేడమీదే పెట్టించిన కచేరీకి మందిరం వాళ్ళంతా దిగారు. కూర్మమ్మ మొదలుపెట్టగానే గదిలో మాటలు ఆగిపోయాయి. ఒక్కో స్వరం విడివిడిగా, శుభ్రంగా పడుతోంది. ఆమెను ఒంటిగా వినడం ఆ జనానికి అదే మొదలు. గోపాలకృష్ణ కూడా చెవి ఒగ్గి ముందుకు వంగాడు.

మధ్యభాగం అయిపోయి మొదటి భాగం తిరిగొచ్చింది. అక్కడ వేగం పెరిగింది. కొంచెమే. మందిరం వాళ్ళకి అంతకన్నా పిలుపు అక్కర్లేదు. ఎవరో చప్పట్లు అందుకున్నారు, వెనకే వరసంతా. గోపాలకృష్ణ "రామా!" అని ఎత్తుకున్నాడు. గది ఊగిపోయింది, పరీక్షల పిల్లలతో సహా. పియానో ఎక్కడ పోయిందో తెలియలేదు. కూర్మమ్మ వేళ్ళు మాత్రం కదులుతూనే ఉన్నాయి. తల వంచుకుని ఉంది, మొహం వసంతికి కనబడలేదు.

"మా కూర్మి వాయిస్తే ఇంతే లా!" అని గోపాలకృష్ణ కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ ఒకరినొకరు మెచ్చుకుంటూ టీ దగ్గరికి కదిలారు. వసంతి ఆమె కోసం ఒక కప్పు పట్టుకుని తిరిగేసరికి స్టూలు ఖాళీ. కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. కూర్మమ్మ వీధి దాటి బస్టాండు వైపు నడుస్తోంది. పిలిస్తే వినబడేంత దూరమే. వెళ్ళొస్తానని చెయ్యి ఊపలేదు, తలెత్తి మేడవంక చూడనూ లేదు.