అత్తయ్య మడిలో ఐలాండ్లు

మొన్న సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం నిలబడి ఉంటే, కాలేజీ బ్యాగు తగిలించుకున్న ఒక అమ్మాయి జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చేయి పట్టుకుంది. "టీచర్, నన్ను గుర్తుపట్టిన్రా? నేను ఇస్తమస్ మీదికెల్లి జారి పడ్డదాన్ని!" అంది, ఊరందరికీ వినబడేలా. పక్కనున్నాయన మిరపకాయ బజ్జీ నోటిదాకా తెచ్చి ఆపేసి, ఎక్కడ ఏం విరిగిందోనని ఆ పిల్ల కాళ్ల వంక చూశాడు. మొహం నాకు వెంటనే గుర్తు రాలేదు గానీ, ఆ పడడం మాత్రం కళ్లముందుకొచ్చింది. నడుం దాకా బురదై పకపకా నవ్వుతున్న ఏడో తరగతి పిల్ల, దాన్ని రెండు చంకల కింద చేతులేసి లేపుతున్న మా అత్తయ్య. అంతలో తన బస్సొచ్చి పిల్ల పరుగెత్తింది. నా బస్సులో నేను కూర్చున్నాక దారి పొడుగునా అత్తయ్యే నా పక్క సీట్లో ఉంది.

నేను కోదాడలో పుట్టి, నిడమనూరు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. ఆ పక్క ఊరి బడిలోనే సోషల్ టీచర్ని. చదివింది తెలుగు మీడియం, చెప్పిందీ తెలుగు మీడియమే. ద్వీపం, ద్వీపకల్పం, జలసంధి, భూసంధి అని గుండ్రటి అక్షరాలతో బోర్డు మీద రాసి, నా అంత టీచరు జిల్లాలో లేదనుకునేదాన్ని. రిటైరవడానికి మూడేళ్లున్నాయనగా సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చిపడింది. అవే కొండలు, అవే సముద్రాలు, పుస్తకం తెరిస్తే మాత్రం నాకే పరాయి దేశం. పెనిన్సులా, స్ట్రెయిట్, ఇస్తమస్! పొద్దున బట్టీ పట్టిన మాట బడి గేటు దాటేసరికి మాయమయ్యేది. అది చాలదన్నట్టు, పై అధికారి వచ్చి నా పాఠం చూస్తారని కబురొచ్చింది. పిల్లల ముందు తడబడి నవ్వులపాలు కావడం కన్నా పరువుగా తప్పుకోవడం నయమనిపించి, ముందే రిటైరవుతానని అర్జీ రాసి హ్యాండ్ బ్యాగులో పెట్టుకున్నాను. ఆయన ముందు నోరు పెగలకపోతే అక్కడికక్కడే చేతికిచ్చేద్దామని. రాస్తుంటే ఏడుపు ఆగలేదు. బడి తప్ప నాకింకేం వచ్చు?

మా అత్తయ్య బడి మొహం చూసిన మనిషి కాదు. కాల్వ కింద ఉన్న రెండెకరాల పొలమే ఆవిడ లోకం, ఆవిడ పంతం. ఆ చుట్టుపక్కల ఆమె మడంత చదునైన మడి లేదని పేరు. అవతలి రైతులు కూడా నాట్లకు ముందు "జర మా మడి సూసిపో పెద్దమ్మా" అని పిలుచుకుపోయేవాళ్లు. ఆ సాయంత్రం నేను వరండాలో పుస్తకంతో కుస్తీ పడుతుంటే, ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. "ఏందే పిల్లా, గంటసేపటి సంది ఏదో గొణుగుతున్నవ్?" అని అడిగింది. "ఇంగ్లీషు మాటలత్తయ్యా. స్ట్రెయిట్ అంటే జలసంధి, ఇస్తమస్ అంటే భూసంధి" అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసింది. "నీ తెలుగు గూడ నాకు ఇంగిలీసు లెక్కనే ఉన్నది బిడ్డా. గది ఎట్లుంటదో సెప్పు."

ఇన్నేళ్లూ నా పిల్లలు కూడా జలసంధిని ఇలాగే బట్టీ పట్టారేమో, నేనొక్కదాన్నే అర్థమైందని మురిసిపోయానేమో! పుస్తకం మూసి నా మాటల్లో చెప్పాను. రెండు పెద్ద నీళ్లను కలిపే సన్నటి నీటి దారి అన్నాను. "మడవ" అందావిడ, కాయ మీంచి చూపు తిప్పకుండానే. మడవ అంటే ఒక మడిలోంచి ఇంకో మడిలోకి నీళ్లు పారడానికి ఒడ్డుకు, అంటే మడి గట్టుకు, కొట్టే చిన్న గండి. మరి రెండు పక్కలా నీళ్లుండి, రెండు పెద్ద నేలల్ని కలిపే సన్నటి నేల? "ఒడ్డు. దాని మీదనే గదా రోజు నడుస్తం." చుట్టూ నీళ్లుండే నేల అనేసరికి మూతి ముడిచింది. "మెరక. గది ఉంటే వరి ఎండుతది, గడ్డి మొలుస్తది. మన మడిలో సూద్దామన్నా దొరకదు."

దొరకనిచ్చేది కాదు మరి. మడిని బురదగా దున్ని దమ్ము చేశాక పలచగా నీళ్లు పెట్టి, ఎక్కడెక్కడ మట్టి పైకి తేలిందో చూసుకుని, బరువైన చెక్కతో దాన్ని పల్లంలోకి లాగడం ఆవిడ పద్ధతి. ఆ యాసంగి పంటకు అప్పుడే దమ్ము అయింది, తెల్లారి చెక్క లాగి నాట్లు వేయాలి. కాల్వ నీళ్లేమో విడతల వారీగా వస్తాయి, ఆ విడత ఇంకో నాలుగు రోజులే. పొద్దున్నే నన్నడిగింది, "మీ పెద్దసారు ఎప్పుడొస్తడు?" అని. ఎల్లుండన్నాను. "అయితే గప్పటిదాంక చెక్క ముట్ట. పిల్లల్ని గీడికే తోల్కరా." నీళ్లు ఆగిపోతాయి అత్తయ్యా అంటే, "జర ఊకో, నీళ్ల సంగతి నాకిడిసిపెట్టు" అని గదిమింది. ఆ రెండు రోజులూ ఒడ్డున పోయే ప్రతివాళ్లూ ఆగి, "ఏంది పెద్దమ్మా, గిట్ల మెరకలు పెంచుతున్నవ్?" అని ఎగతాళి చేశారు. తన మడిని ఎవరైనా వేలెత్తి చూపితే అన్నం సయించని మనిషి, నవ్వుతూ "ఐలాండ్లు పండిస్తున్న" అని జవాబిచ్చింది.

ఆ రోజు పాఠం పొలంలోనే అని చెప్పి, పదకొండు మంది పిల్లలతో, బూట్లేసుకున్న అధికారితో ఒడ్డు మీదికి చేరాం. నోరు తెరిచాను. బట్టీ పట్టిన మాటలన్నీ బడి గేటు దగ్గరే ఉండిపోయాయి. చెయ్యి దానంతటదే హ్యాండ్ బ్యాగు జిప్పు మీదికి పోయింది. మోకాళ్ల లోతు బురదలో ఉన్న అత్తయ్య నడిచి వెళ్లి మడవలో కాలు పెట్టి నిలబడి, నా కళ్లలోకి చూసింది. "స్ట్రెయిట్!" అన్నాను. ఇక ఆగలేదు. పిల్లలు నాకన్నా ముందు పరుగెత్తి ఐలాండ్ చూపించారు, పెనిన్సులా చూపించారు, కాలువ తెచ్చిన ఒండ్రు విసనకర్రలా పరుచుకున్న చోట డెల్టా అని గంతులేశారు. ఒకతి ఇస్తమస్ మీద నడిచి చూపిస్తానని బయల్దేరి దబ్బున పడింది. ఎక్కడి నుంచి పడ్డావమ్మా అని అధికారి ఇంగ్లీషులో అడిగితే, బురద ఉమ్మేసి, "ఫ్రమ్ ది ఇస్తమస్, ఇన్‌టు ది లేక్, సార్!" అంది. ఆయన కడుపుబ్బ నవ్వి, బూట్లు విప్పి మడిలోకి దిగాడు. ఇదంతా నీకెలా తెలుసమ్మా అని అత్తయ్యనడిగాడు. "పేర్లు మా కోడలియి సారూ. నేను నీళ్లు పెట్టిన, గంతే."

ఆ విడత నీళ్లు అనుకున్నదానికన్నా ఒకరోజు ముందే కట్టేశారు. సగం మడి నాటకుండానే బీటలువారింది. ఆ సంగతి అత్తయ్య నాతో అనలేదు, వారం తర్వాత పక్క పొలం ఆమె చెప్పింది. పరుగున వెళ్తే, మిగిలిపోయిన నారు గేదె ముందు వేస్తూ కనబడింది. నా పాఠం కోసం పంట పోగొట్టుకున్నారత్తయ్యా అని అక్కడే ఏడ్చేశాను. కళ్లు తుడుచుకోవడానికి చేతిగుడ్డ తీస్తే బ్యాగులోంచి అర్జీ కిందపడింది. "ఏం కాయితం గది?" అంది. ఇక పనికిరాదన్నాను. అయితే ఇటివ్వమని తీసుకుని, కొంగున కట్టుకున్న చిక్కుడు విత్తనాలు అందులో పోసి పొట్లం కట్టింది. కడుతూనే అంది, "పొలానికేముందే, వచ్చే కారుకు మల్ల దమ్ము సేస్తం. గా పిల్లలు మల్ల ఏడో తరగతికి వస్తరా?"

రాలేదు. ఆ మడి ప్రతి పంట కారుకూ మళ్లీ చదునవుతూనే ఉంది, పండుతూనే ఉంది. ఆ పదకొండు మంది మాత్రం, ఏడుతోనే ముగిసే మా బడిలో, నాకు ఆ ఒక్క ఏడాదే దొరికారు.