నూనె తలకు కరెంటెక్కదు

మా అత్త తొమ్మిదేళ్లు నాతో నేరుగా మాట్లాడలేదు. గోడతో మాట్లాడేది. పెళ్లయ్యాక కూడా తుర్కపల్లి మందుల కంపెనీలో ఉద్యోగం మాననందుకు నాకు పడిన శిక్ష అది. నేను పక్కనే నిలబడి ఉన్నా, "గోడా, గామెకు సెప్పు, కూరల ఉప్పెక్కువైంది" అనేది. గోడకు ఓపిక ఎక్కువ, నాకు తక్కువ.

రెండువేల పది దాటిన కొన్నేళ్లకు ఆమెకు మతిమరుపు జబ్బు మొదలైంది. నన్ను, ఎప్పుడో పోయిన తన చెల్లెలనుకుంది. ఇక చూడాలి నా వైభోగం. సాయంత్రం కంపెనీ క్యాబు దిగగానే "దా చెల్లె, కూసో" అని తలకు నూనె రాసి జడ వేసేది. సీసా కనబడితే చాలు, తన తలకూ పూసుకునేది. పాల మీద మీగడ నాకే. అమ్మ తనను గుర్తుపట్టడం లేదని మా ఆయన కుమిలిపోతుంటే నేను లోపల పండగ చేసుకున్నాను. సిగ్గులేకుండానే చెబుతున్నాను.

ఆయన ఆమెను నగరంలో ఒక డాక్టరుకు చూపించాడు. కోత లేదు, సూది లేదు. తలకు తడి స్పాంజీలు కట్టి ఇరవై నిమిషాలు సన్నగా కరెంటు పంపుతారట. జ్ఞాపకం కాస్త మెరుగుపడవచ్చు, పడకపోవచ్చు అన్నాడు డాక్టరు. తలస్నానం చేయించి, నూనె లేకుండా తీసుకురమ్మన్నాడు. ఆ పని నాకు అప్పగించారు.

నయమైతే నేను మళ్లీ గోడ అవతలి మనిషినే. మొదటి రోజు పొద్దున నూనె సీసా ఆమె చేతికందే చోట పెట్టి వంటింట్లోకి పోయాను. మరిచిపోయి కాదు. ఆసుపత్రిలో మెషిన్ పీప్ పీప్‌మని మొరాయించింది. నూనె తలకు కరెంటెక్కదట.

రెండో రోజూ అదే చేసి, ఏమీ ఎరగనట్టు వెంట వెళ్లాను. తిరిగొస్తుంటే మేడ్చల్ బస్సు డిపోలో మా ఆయన బత్తాయి తొనలు వలిచి ఆమెకు తినిపిస్తున్నాడు. "నువ్వెవలు బిడ్డా, మస్తు మంచోనివి" అందామె. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇంటికి రాగానే సీసా బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ తర్వాత సిట్టింగులన్నీ సవ్యంగా జరిగాయి. ఒకరోజు మధ్యాహ్నం, అమ్మ తనను పేరు పెట్టి పిలిచిందని ఆయన మా కంపెనీకి ఫోన్ చేశాడు. కరెంటు వల్లో, ఆ రోజు మంచిదై పిలిచిందో డాక్టరూ చెప్పలేకపోయాడట. సంతోషమే అన్నాను. నిజానికి భయపడ్డాను.

సాయంత్రం క్యాబు దిగేసరికి ఆమె గడపలో కూర్చుని ఉంది. "దా చెల్లె" అనలేదు. నన్ను ఎగాదిగా చూసి మొహం తిప్పుకుంది. మీగడ రోజులు అయిపోయాయనుకున్నాను. ఏడుపొచ్చింది.

"గోడా," అంది, "గామెకు సెప్పు. గామె నెత్తి ఎండి కొబ్బరి పీసు లెక్కైంది. నూనె సీస ఏడ దాసిందో తెచ్చి, ఈడ నా ముంగట కూసుండుమను."