గుడ్ ఫ్రైడే నాటి జావ

నాంపల్లి మెట్రో మెట్ల కింద ఈమధ్య ఒక జావ బండి వెలిసింది. రాగిజావ, జొన్నజావ కాగితం గ్లాసుల్లో పోసి ఇస్తారు. పొద్దున్నే నడకకొచ్చేవాళ్లూ, నాలాంటి షుగరువాళ్లూ వరస కడతారు. మా కాలంలో జావ రోగులకూ, ఇంట్లో మరేమీ లేని రోజుకూ. ఇప్పుడు అదే ఆరోగ్యమట. మొన్న గుడ్ ఫ్రైడేకి ఆబిడ్స్‌లోని మా చర్చికి వెళ్తూ అక్కడ ఆగాను, ఉపవాసాలు కూడవని డాక్టరు గట్టిగా చెప్పాడు కనుక. గ్లాసు చేతికి రాగానే మేనత్త గుర్తొచ్చింది.

గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరిన కొత్తలో నేను నాంపల్లిలో మేనత్త ఇంట్లోనే ఉండేదాన్ని. మా చర్చి ఆడవాళ్లు పూటపూటా వంటకు ముందు ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి ఒకచోట పోసేవారు. ఆ బియ్యం మేనత్త ఇంటికి చేరేది. ఆమె ప్రతి శుక్రవారం జావ కాచి, స్టీలు క్యానులో పోసుకుని, పన్నెండింటికల్లా దగ్గర్లోని దవాఖానకు మోసుకెళ్లేది. భోజనం వేళ ఆఫీసు నుంచి వెళ్లి గ్లాసులు అందించడం నా పని. మతం అడగకూడదు, వాళ్లు కోరితే తప్ప ప్రార్థన చేయకూడదు, జావ చల్లారకూడదు, ఇవే ఆమె చట్టాలు. ప్రేమ గురించి ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు, బియ్యంలో రాళ్ల గురించి మాత్రం చాలా విన్నాను.

ఆ ఏడు ఒక పల్లెటూరి ముసలమ్మ, గొంతు ఆపరేషనైన కూతురికి తోడుగా వార్డులో ఉండేది. కూలి చేసుకునే మనిషి, పట్నంలో రోడ్డు దాటాలంటేనే భయం. వచ్చే శుక్రవారం ముక్కులోంచి వేసిన గొట్టం తీసేస్తారట, మొదట పలచటి జావే పట్టాలట, అది ఎక్కడ దొరుకుతుందో తెలియదని బెంగపడింది. మేనత్త తాను తెస్తానని మాటిచ్చింది.

ఆ శుక్రవారం గుడ్ ఫ్రైడే. తెల్లచీరలు ఇస్త్రీ చేయించుకున్నాం, ఈస్టరు ముందటి నలభై శ్రమదినాల ఉపవాసాలన్నిటికీ అది ముగింపు కనుక పొయ్యి వెలిగించలేదు. ఇది జావ రోజు కూడానని మాలో ఒక్కరికీ తట్టలేదు. భక్తిలో పడి మతిమరుపు తెచ్చుకోవడం మావాళ్లకే చెల్లు. పన్నెండింటికి ఆరాధన మొదలై, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో ఒక్కొక్కటే సాగి, పాస్టరుగారు దాహం గురించిన అయిదో మాటకు వచ్చేసరికి పక్కనున్న మేనత్త ఉలిక్కిపడి లేచి, అంతమంది మధ్యలోంచి బయటికి నడిచింది. నేను సిగ్గుతో చచ్చిపోతూ వెనకే వెళ్లాను.

రిక్షాలో ఇంటికెళ్లి, పొయ్యి వెలిగించి, క్యానుతో వార్డు చేరేసరికి మూడు దాటింది. ముసలమ్మ ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది. కూతురు ఎండిన పెదవులతో గోడవైపు తిరిగి పడుకుంది. మేనత్త చెంచాతో పోస్తే మొదటి గుక్క కష్టంగా, తర్వాతవి తేలిగ్గా దిగాయి. నాకు ఏడుపొచ్చింది.

మేనత్త మరిచిపోయానని ఒప్పుకుంది. ముసలమ్మ కోప్పడలేదు, ఆమెనే పరీక్షగా చూసింది.

"మొకం గట్ల పీక్కపోయిందేంది బిడ్డా? నువ్వు తిన్నవా?"

ఇవాళ మా ప్రభువు చనిపోయిన రోజనీ, సాయంత్రం దాకా ఉపవాసమనీ మేనత్త చెప్పింది. 

"మేం గూడ శనివారం ఒక్కపొద్దుంటం. గని నేను గూడ పొద్దటి సంది ఏం తినలే. పక్కపక్కన కూసోని ఒక్కదాన్నే ఎట్ల తాగుత?"

అంటూ క్యాను మూతలో జావ పోసి చాపింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచి గుడ్ ఫ్రైడే నాడు మంచినీళ్లయినా ముట్టని మా మేనత్త, తెల్లచీరతో ఆ నేల మీద చతికిలబడి తాగేసింది. ముసలమ్మ మళ్లీ మూత నింపి నావైపు చాపింది. ఉపవాసం చెడుతుందని నేను వద్దన్నాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

మరుసటి వారానికి ఆ మంచంలో వేరెవరో ఉన్నారు. మేనత్త పోయి చాలా ఏళ్లయింది. పిడికెడు బియ్యం డబ్బాలు ఇప్పుడు ఎవరింట్లోనూ కనబడవు. చర్చిలో మెత్తటి కుర్చీలు వచ్చాయి, ఏడు మాటలూ అయ్యేదాకా మధ్యలో ఎవరూ లేవరు. బండి దగ్గర కొన్న జావ ఒక్కదాన్నే నిలబడి తాగాను. ఇన్నేళ్లూ నిష్ఠగా చేసిన ఉపవాసాల్లో ఒక్కటీ విడిగా గుర్తులేదు, తాగనన్న ఆ మూతెడు జావ మాత్రం మరపు రావడం లేదు.