బండి ఎక్కడ పడుకుంటుంది?

కాలిన దుమ్ము మీద నాలుగు చినుకులు పడితే వచ్చే వాసన మస్కట్‌లో ఏడాదికి ఏ రెండు మూడుసార్లో తగులుతుంది. అందరూ సంబరంగా బాల్కనీల్లోకి వచ్చి ఫోటోలు తీసుకుంటారు. నేను మాత్రం కొండ వైపు చూస్తాను. ఈ పాడు అలవాటు నాకు అంటించింది విశాలాక్షి గారు. మస్కట్ శివారు అల్ అమెరాత్‌లో ఒక చిన్న కార్ల ఇన్సూరెన్స్ ఆఫీసుకు ఆవిడ మేనేజరు, నేను సిటీలోని దార్సైట్ నుంచి రోజూ వెళ్ళి ఆవిడ కింద పనిచేసిన కొత్త ఉద్యోగిని. ఆవిడది బందరు. తుఫాన్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి కనుక నీలాకాశాన్ని కూడా నమ్మేవారు కాదు.

మిగతా ఆఫీసుల్లో బండి ఏ కంపెనీది, ఏ ఏడాదిది అని అడుగుతారు. ఆవిడ మొదట అడిగేది, "బండి ఎక్కడ పడుకుంటుంది?" అని. పాలసీ కోసం వచ్చిన మనిషి బిత్తరపోయి నా వైపు చూసేవాడు. సలాలా ఎడారి దారిలో తిరిగేవాడికి అడ్డొచ్చే ఒంటెల భయం, వాగు పక్కన ఉండేవాడికి నీళ్ల భయం, ఎవరి భయాన్ని బట్టి వాళ్లకు పాలసీ ఇవ్వాలనేవారు ఆవిడ. మిట్ట మీద ఇల్లున్నవాడు వరద కవరు అడిగితే, ప్రీమియం దండగ అని ఆవిడే తీసేయించేవారు. మా అమ్మకాలు ఎలా ఉండేవో వేరే చెప్పనక్కర్లేదు.

గౌస్ భాయ్ కడప మనిషి. లేబర్ క్యాంపులకు భోజనాలు చేర్చే మెస్ నడిపేవాడు. ఆయన ఆస్తల్లా ఒక పాత పికప్. అది కదిలితే పొయ్యి వెలుగుతుంది, కదలకపోతే మూటాముల్లే సర్దుకోవడమే. ఎదుటివాడి నష్టానికి తప్ప తన బండికి ఏమీ రాని చవక థర్డ్ పార్టీ పాలసీ చాలని వచ్చాడు. నిజానికి అంత పాత బండికి మా కంపెనీ అంతకు మించి ఇవ్వదు కూడా. ఇచ్చేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆవిడ ప్రశ్నకు ఆయన, "వాదీలో, చెట్టు కింద" అన్నాడు. వాదీ అంటే ఇక్కడ నెలల తరబడి ఎండిపోయి ఉండే వాగు. నేల చదును, చెట్టు నీడ, పార్కింగు ఉచితం. మనవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆ సాయంత్రమే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ఆ చోటు చూడటానికి వెళ్ళారు. వాగు మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు.

"ఈ వాగులో నీళ్లు నేను చూసిందే ల్యా మేడమ్," అన్నాడు గౌస్ భాయ్.

"వాన మన నెత్తిన పడక్కర్లేదండీ. ఆ కొండ మీద పడితే చాలు, మిగతా సంగతి వాగే చూసుకుంటుంది. మీ బండికి నేనివ్వగలిగిన వరద కవరు ఒక్కటే, అదిగో ఆ మిట్ట," అన్నారావిడ.

మిట్ట మీద నీడ లేదు, స్టీరింగ్ పట్టుకుంటే చేతులు బొబ్బలెక్కుతాయని ఆయన ససేమిరా అన్నాడు. అప్పటినుంచి కొండ మీద దూదిపింజంత మబ్బు కనిపించినా ఆవిడ ఫోన్ చేసేవారు. తన భార్య కూడా ఇన్నిసార్లు చేయదని ఆయన వాపోయేవాడు. చివరకు ఫోన్ ఎత్తడమే మానేశాడు.

ఒక మధ్యాహ్నం కొండ నల్లబడింది. ఆఫీసు ముందు మాత్రం ఎండ కాస్తూనే ఉంది. గౌస్ భాయ్ ఫోన్ ఎత్తకపోయేసరికి ఆవిడ నన్ను కారెక్కించుకుని బయల్దేరారు. అది కొత్త కారు, నిమ్మకాయలు తొక్కించి, గుడిలో పూజ చేయించిన కారు. దాన్ని కంగారులో చెట్టు కింద పికప్ పక్కనే ఆపి, గట్టు మీది మెస్సులోకి పరుగెత్తి ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. ఆయన గొణుక్కుంటూ పికప్‌ను మిట్ట ఎక్కించాడు. మేమిద్దరం వెనకే నడిచి వెళ్ళాం. ఆవిడ ముందుకు, వెనక్కి అని చేతులూపుతూ ఉండగా కింద రాళ్లు దొర్లుతున్న చప్పుడైంది. తిరిగి చూసేసరికి బురదనీళ్లు చెట్టు మొదలు దాటేశాయి. ఆవిడ కారు నెమ్మదిగా లేచి, చెప్పి పోదామన్నట్టు ఒకసారి మా వైపు తిరిగి, వెళ్ళిపోయింది.

గౌస్ భాయ్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆవిడ తన చేతిలోని కారు తాళం వంక చూసి, "నాకు వరద కవరుందిలెండి," అని నవ్వడం మొదలుపెట్టారు. మర్నాడు ఆవిడ క్లెయిమ్ రాయడం నా వంతు అయింది. నేను తటపటాయిస్తుంటే, "అడుగమ్మాయ్, సిగ్గెందుకు" అన్నారు. బండి ఎక్కడ పడుకుందండీ అని అడిగాను. ఆఫీసంతా ఘొల్లుమంది. మనం వరద కవరు ఇవ్వలేని మనిషి కోసం కూడా పరుగెత్తవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఆవిడ ఇప్పుడు లేరు. ఉద్యోగం మాని బందరు వెళ్ళిన కొన్నాళ్లకే పోయారు. ఆవిడ కుర్చీ నాకొచ్చింది, ఆ ప్రశ్నా నాకే వచ్చింది. ఇవాళ చినుకుల వాసన తగలగానే ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, వాగు పక్కన ఉండే కస్టమర్లకు వరసగా ఫోన్లు చేస్తున్నాను. మధ్యలో గౌస్ భాయ్ ఫోన్ వచ్చింది. ఆయన కుశలం కూడా అడగలేదు.

"కొండ మీద మబ్బు కమ్మింది మేడమ్. మీ బండి యాడ పండుకోనుంది?"

ఆ మందలింపులో ఆవిడే వినిపించి నాకు ఏడుపొచ్చింది. అంతలో, పొద్దున ఆఫీసు ముందు ఖాళీ లేక వెనక వాగులో చెట్టు నీడన కారు పెట్టి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, తాళాలు తీసుకుని మెట్లు దిగాను.