ఎన్ని సెకన్లు ఆగాలి

మా ఆవిడ పోయిన తర్వాత ఆమె లాప్‌టాప్‌ను నేను తెరవలేదు. పాస్‌వర్డ్ తెలుసు. తెరవాల్సిన పని రాలేదు, అంతే అనుకునేవాణ్ణి. ఈ శీతాకాలం చివర్లో ఒక శనివారం ఆ పని వచ్చింది.

ఆమె ఇక్కడ, ఈ పరాయి దేశంలో మేముండే క్వేకర్స్ హిల్‌లో, ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పేది. అద్దెకు తీసుకున్న కమ్యూనిటీ హాల్లో క్లాసు. కోవిడ్ లాక్‌డౌన్‌లో అదే క్లాసు మా డైనింగ్ టేబుల్ మీదకు, జూమ్‌లోకి వచ్చింది. రాలేకపోయిన పిల్లల కోసం ప్రతి క్లాసూ రికార్డు చేసేది. అవన్నీ ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఆమె పోయాక ఒకరిద్దరు తల్లులు వంతులు వేసుకుని కొన్నాళ్లు హాల్లో క్లాసు నడిపారు. తర్వాత అదీ ఆగిపోయింది.

ఆ శనివారం వచ్చినతను ఆమె దగ్గర చదువుకున్న ఒక పాప తండ్రి. వరంగల్ వైపు మనిషి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాడు. హారిస్ పార్క్ ఇండియన్ షాపుల నుంచి తెచ్చిన మిఠాయి డబ్బా టేబుల్ మీద పెట్టి, దాని మూత వైపే చూస్తూ మాట్లాడాడు.

“టీచర్ దొరుకుతలేరు అంకుల్. మస్తు మందిని అడిగిన. అందుకే ఏఐ ట్యూటర్ ఒకటి తయారు చేస్తున్న. ట్యాబ్‌ల పెట్టి పిల్లల ముందల ఉంచితే అదే మాట్లాడుతది, అదే దిద్దుతది. ఆంటీ క్లాసులు ఇస్తే వాటి మీద ట్రైన్ చేస్త. తక్కిన పేరెంట్స్‌ను అడిగిన, అందరు సరే అన్నరు. మీరు ఊ అంటే చాలు.”

“ఆమె గొంతుతో మాట్లాడుతుందా?”

“లేదు లేదు. గొంతు వేరేటిది పెడత. మీకు కష్టమైతదని తెలుసు. పద్ధతి మాత్రం ఆంటీదే.”

గొంతు అడిగి ఉంటే కాదనడం తేలికయ్యేది. పద్ధతి అన్నాడు. మనిషి పోయాక ఆమె పద్ధతి ఎవరిదవుతుందో, దాన్ని ఇవ్వడానికి నేనెవరినో నాకు తెలియలేదు. నమూనాకు ఒక్క క్లాసు కాపీ చేసి ఇచ్చాను, తెరిచి చూడకుండానే. మిగతావి ఆలోచించి చెబుతానన్నాను.

కొన్నాళ్లకు ట్యాబ్ పట్టుకుని, పాపను వెంటబెట్టుకుని వచ్చాడు. తెర మీద దొండకాయ బొమ్మ కనిపించింది. ఒక ఆడగొంతు “ఇదేంటి?” అని అడిగింది.

“బేబీ కుకుంబర్,” అంది పాప.

“దగ్గరగా వచ్చావు. దీన్ని దొండకాయ అంటాం. ఏదీ, అను?”

“దొండకాయ.”

“భలే!”

తెర మీద నక్షత్రం మెరిసింది. తర్వాత బీరకాయ, తర్వాత కంద. పాప కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది. ఇంకొకటి, ఇంకొకటి అంటోంది. తండ్రి నా మొహం వైపు చూస్తున్నాడు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

వాళ్లు వెళ్లాక అసలు క్లాసు తెరిచాను. ఆమె దొండకాయను కెమెరా ముందు పట్టుకుని ఉంది. “ఇదేమిటి?” అంది. ఒక పిల్లవాడు అచ్చం ఆ పాపలాగే బేబీ కుకుంబర్ అన్నాడు. ఆమె కాదనలేదు, అవుననలేదు. దొండకాయను అలాగే పట్టుకుని ఉండిపోయింది. చిన్న చిన్న గళ్లలో పిల్లలంతా చూస్తున్నారు. ఎవరో కుర్చీ జరిపారు. ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. చివరికి పిల్లవాడే “దొండకాయ” అన్నాడు. “ఊ,” అని ఆమె దాన్ని పక్కన పెట్టి బీరకాయ తీసుకుంది. మెచ్చుకోలేదు కూడా.

అతనికి ఫోన్ చేశాను. “ఆమె మధ్యలో ఆగేది. నీ దాంట్లో అది లేదేం?”

“అది సైలెన్స్ కద అంకుల్. ఆడియో సాఫ్ చేసేటప్పుడు ఖాళీ అంత కట్ అయిపోతది. అందరం అట్లనే చేస్తం.” ఏదో టైప్ చేస్తున్న చప్పుడు వినిపించింది. “కావాలంటే పెట్టొచ్చు. ఎన్ని సెకన్లు ఆగమందాం?”

చూసి చెబుతానని ఫోన్ పెట్టేశాను. ఆ వారమంతా రికార్డింగులు చూశాను. ఒక పిల్లకు చాలాసేపు ఆగింది. ఇంకొకడికి అసలు ఆగలేదు, వెంటనే చెప్పేసింది. మరో ఆదివారం అదే పిల్లకు ఆగలేదు. ఏ లెక్కన చేసిందో పట్టుకోవాలని చూశాను. చదువు చెప్పడం గురించి పుస్తకాల్లో చదివినవి గుర్తుచేసుకున్నాను. ఒక ఆదివారానికి సరిపోయిన మాట తర్వాతి ఆదివారానికి సరిపోలేదు.

పెద్ద పిల్లల క్లాసులో మా అమ్మాయి ఉంది. అప్పుడు హైస్కూలు, ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతోంది. పక్క గదిలోంచే క్లాసులో చేరేది. తను దేనికో ఇంగ్లిష్‌లో జవాబిచ్చింది. మా ఆవిడ ఆగింది. మిగతా అందరికంటే ఎక్కువసేపు ఆగింది. అమ్మాయి పైకి చూసి, పక్కకు చూసి, చివరికి తెలుగులో చెప్పింది. అది తనకు చూపిస్తే సంతోషిస్తుందనుకున్నాను.

తను చూసి లాప్‌టాప్‌ను కాస్త దూరంగా నెట్టింది. “ఐ హేటెడ్ దిస్, నాన్నా.”

“ఏది?”

“ఇలా చూస్తూ ఉండటం. అందరి ముందూ. ఏదో ఒకటి చెప్పేసి బయటపడాలనిపించేది. సగం సార్లు ఐ జస్ట్ గెస్డ్.”

“అయితే అతను కట్ చేసిందే మేలంటావా?”

“ఆ పాప హ్యాపీగా ఉందా?”

“ఉంది.”

“దెన్?” అంది. లేచి వెళ్లబోయి మళ్లీ కూర్చుంది. “ఐ డోన్ట్ నో. అడిగేది అమ్మ గురించి కదా. నన్నడక్కు.”

ఇద్దరం ఒకే వీడియో చూశాం. నేను ఓపిక అనుకున్నది తనకు భయమట. ఎవరు చూసింది నిజమో తేల్చుకోలేకపోయాను.

కొత్త టర్మ్ మొదలయ్యే లోపు చెప్పమని అతను మెసేజ్ పెట్టాడు. లేకపోతే దొరికిన వేరే పాఠాలతో కానిచ్చేస్తాడట. ఇవ్వకపోతే ఆమె చెప్పినదేదీ ఆ పిల్లల దగ్గర మిగలదు. ఇస్తే, ఆమె చేయనిదేదో ఆమె పద్ధతిగా మిగిలిపోతుంది.

ఆ సాయంత్రం టీ పెడుతూ అతనికి ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను. అమ్మాయి వంటింట్లోకి వచ్చి “వాట్స్ ఫర్ డిన్నర్?” అంది. చెవిన పడింది గానీ మనసుకు అందలేదు.

“రాత్రికి ఏం వండుకుందాం?” అంది కాసేపటికి. వెంటనే, “అమ్మలా చెయ్యకు నాన్నా,” అని విసుక్కుంది.

“నేనేం చేశాను?”

“అదే. ఆగడం.”

“ఆగలేదే. ఏదో ఆలోచిస్తున్నాను, అంతే.”

తను ఫ్రిజ్ తలుపు పట్టుకుని నన్ను చూసింది. “మేబీ షీ వాజ్ టూ,” అంది.

టీ వదిలేసి వెళ్లి దొండకాయ క్లాసు మళ్లీ తెరిచాను. కుక్కర్ కూత దగ్గర ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూశాను. కూత రాగానే ఆమె కళ్లు ఎడమకు తిరిగాయి. డైనింగ్ టేబుల్ దగ్గర ఆ కుర్చీలో కూర్చుంటే మా వంటిల్లు అటే. పిల్లవాడి కోసం ఆగిందో, పప్పుకు ఇంకెన్ని కూతలు రావాలో లెక్క చూసుకుంటోందో. రెండూ కావచ్చు. అడగడానికి మనిషి లేదు. అమ్మాయి నా భుజం మీదుగా చూసి చిన్నగా నవ్వింది.

అతనికి మెసేజ్ రాశాను. “అన్నీ తీసుకో. ఖాళీలు మాత్రం కట్ చెయ్యకు.”

“అట్లైతే అది ఏం నేర్చుకుంటది అంకుల్? ఎప్పుడు ఆగాల్నో దానికెట్ల తెలుస్తది?”

“నాకూ తెలియదు,” అని పంపాను.

అతను టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనిపించాయి. ఆగిపోయాయి. మళ్లీ కనిపించాయి. అమ్మాయి బియ్యం కడిగి కుక్కర్‌లో పెట్టి వచ్చేదాకా అతని నుంచి ఏమీ రాలేదు.