సంచి కింది కాగితం

పొద్దున ఆరు కాగానే మోషే కిటికీలు మూస్తాడు, ఫ్యాను ఆపుతాడు, మాస్కు పెట్టుకుని మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటాడు. కిడ్నీలు పోయాక కడుపుకు పెట్టిన గొట్టంలోంచి, రక్తం శుభ్రపడడానికి ఎక్కించి రాత్రంతా లోపల ఉంచిన నీళ్లు సంచిలోకి దిగుతాయి. ఆ సంచిని కాగితం మీద పెట్టి చూడమనీ, కింది అక్షరాలు కనిపిస్తే నీళ్లు తేటగా ఉన్నట్టేననీ నర్సు నేర్పింది. చర్చి బల్లలు చేసిన ఈ వడ్రంగి అందుకు ఎంచుకున్నది, భార్య ఎలిశిబా జ్ఞాపకార్థ కూడికకు అచ్చువేయించిన కార్డు. మూడేళ్లుగా, గాలాడని ఆ గదిలో ఆమె పేరును రోజూ పైకి చదువుతున్నాడు.

ఆ రోజు కూతురు ఫేబకు సంచిలో నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా కనిపించాయి. "మంచిగనే కనవడుతుంది బిడ్డా," అన్నాడు మోషే. ఆయన గొట్టం క్లిప్పు బిగించడానికి అటు తిరిగినప్పుడు, ఫేబ కార్డు తీసేసి చేగుంటలోని చెప్పుల దుకాణం కరపత్రం పెట్టింది. మోషే వేలు తెల్లటి సంచి మీద మళ్లీ జరిగింది. "ఎలిశిబా... ప్రభువునందు నిద్రించెను..." గొంతు ఎక్కడా తడబడలేదు. ఆయన చూసి చదవడం లేదని ఫేబకు అర్థమైంది. ఆ సంచితో సహా ఆయన్ను దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్లు ఇన్ఫెక్షనని చెప్పి, ఎక్కించే నీళ్లలోనే యాంటీబయాటిక్ కలపడం మొదలుపెట్టారు. మూడు రోజులు కరపత్రం మీద కూడా ఎలిశిబా పేరే వినిపించింది. నాలుగో పొద్దున మోషే వేలు ఆగింది. "చె... చెప్పుల..." అని బడిపిల్లాడిలా కూడబలుక్కున్నాడు. ఫేబ ఊపిరి పీల్చుకుంది. ఆయన మాత్రం సంచి ఎత్తి కింద వెతికాడు.

"మీ అమ్మ ఏడికి వోయింది బిడ్డా?"